కారు లేని పిన్నిగారి పార్కింగు

మా ఎదురు ఫ్లాటు పిన్నిగారు పోయిన నెలలో ఆసుపత్రిలో కన్నుమూశారు. ఫోనులో ఆ మాట నాకు చెప్పింది వాళ్ళమ్మాయి. “అమ్మ పోయిందక్కా” అంది. నేను ఇంకా తేరుకోకముందే, “ఇంటికి తీసుకురావద్దన్నారు. ఇటునుంచి ఇటే తీసుకెళ్ళిపోతాం. నువ్వు కూడా అక్కడికే వచ్చెయ్” అంది.

ఎందుకు తీసుకురావద్దన్నారో అద్దె ఇళ్ళల్లో బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సొంతిల్లు ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. మన ఊళ్ళల్లో అద్దెకున్న మనిషి పోతే, ఆ మనిషిని మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కనివ్వరు. ఇల్లు మైలపడుతుందంటారు. శాంతి ఎవరు చేయిస్తారంటారు. తర్వాత ఎవరూ అద్దెకు రారంటారు. అద్దె ఒకటో తారీఖున తీసుకున్న చేత్తోనే గేటుకి తాళం వేస్తారు. ఇది ఎక్కడా చట్టంలో లేదు. అందరూ పాటిస్తారు. మా అపార్టుమెంటులో అయితే ఏకంగా కాగితం మీద అచ్చువేశారు.

పిన్నిగారి పేరు రాయను. పేరుపెట్టి పిలిచినవాళ్ళు మా బిల్డింగులో ఎవరూ లేరు. మూడు వందల రెండు పిన్నిగారంటే పాలవాడికీ తెలుసు, కేబుల్ అబ్బాయికీ తెలుసు. వాళ్ళాయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పనిచేసి రిటైరయ్యారట. నేను ఆయన్ని చూడలేదు. ఆయన పోయాకే ఆవిడ ఈ ఫ్లాటులోకి ఒక్కరే వచ్చారు. కూతురూ అల్లుడూ హనుమాన్ జంక్షన్లో లారీ టైర్ల షాపు నడుపుతారు. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, “అక్కడ హారన్ల మోత, నా మాట నాకే వినపడదు” అనేవారు.

మేం ఈ ఫ్లాటు కొనుక్కుని ఉయ్యూరు నుంచి సామాను తెచ్చుకున్న రోజు నాకు బాగా గుర్తు. కంకిపాడు దగ్గర వ్యాను టైరు పంక్చరై, ఇక్కడికి వచ్చేసరికి సాయంత్రమైంది. పైన మబ్బు పట్టింది. వాచ్‌మన్ గేటు తియ్యనన్నాడు. నాలుగు దాటాక సామాను ఎక్కించకూడదని అసోసియేషన్ రూలట. పరుపులు తడుస్తాయని నేను బతిమాలుకుంటుంటే సెల్లారు లోపలినుంచి ఒక గొంతు వినిపించింది.

“వ్యాన్ని లోపలికి రానీ. నా పార్కింగులో దింపుకుంటారు.”

“ప్రెసిడెంటుగారు ఒప్పుకోరు పిన్నిగారూ” అన్నాడు వాచ్‌మన్.

“రూల్లో ఏముందిరా? నాలుగు దాటాక పైకి ఎక్కించకూడదని. కింద దింపకూడదని ఉందా? రేపు పొద్దున ఎక్కిస్తారు. నువ్వు గేటు తియ్యి, ఆ పిల్ల పరుపులు తడిసిపోతున్నాయి.”

ఆ పిల్లని నేనే. అప్పటికే నాకు నలభై దగ్గరపడ్డాయి.

సామానంతా దిగాక ఆవిడ నాకు స్టీలు చెంబుతో మంచినీళ్ళిచ్చారు. నేను తాగేదాకా ఆగారు. తర్వాత మొదలుపెట్టారు. కృష్ణా నీళ్ళు పొద్దున్నే వస్తాయి, మంచినీళ్ళ బిందెలు అప్పుడే పట్టుకోవాలి. తర్వాతవన్నీ బోరు నీళ్ళు, పప్పు ఉడకదు. లిఫ్టు తలుపు వదిలేస్తే ఐదో అంతస్తు వాళ్ళు మెట్లెక్కాల్సొస్తుంది, కాబట్టి వేసెయ్యాలి. తడిబట్టలు రోడ్డు వైపు ఆరెయ్యకూడదన్నది రూలే గానీ, వానాకాలం ఎవరూ పట్టించుకోరు. వేసవిలో టెర్రస్ తాళం ప్రెసిడెంటుగారి దగ్గర ఉంటుంది. వడియాలు పెట్టుకోవాలంటే ఆయన్ని అడగొద్దు, ఆయన భార్యని అడుగు. “గోడకి మేకు కొట్టేముందు సెక్రటరీ పర్మిషను తీసుకోవాలని రాశారు. నువ్వు సెక్రటరీని అడిగినా అడక్కపోయినా, పక్కింట్లో ఎవరైనా పడుకున్నారేమో మాత్రం అడుగు” అన్నారు.

అంత అధికారంగా చెబుతుంటే ఆవిడే అసోసియేషన్ పెద్ద అనుకున్నాను. అద్దెకుంటున్నారని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. ఆ మాట ఆవిడతో అంటే పకపకా నవ్వి, “ఓనర్లది ఫ్లాటు అమ్మాయ్. బిల్డింగు మాత్రం అందులో కాపురముండేవాళ్ళది” అన్నారు.

ఆవిడ పార్కింగు గురించి చెప్పాలి. మా సెల్లారులో ఒక్కో ఫ్లాటుకి పసుపు పెయింటుతో గీతలు కొట్టి, నంబరు రాసి ఉంటుంది. పిన్నిగారికి కారు లేదు, స్కూటర్ లేదు. ఆ గీతల మధ్య ప్లాస్టిక్ వైరు అల్లిన ఇనప కుర్చీ ఒకటి వేసుకుని సాయంత్రాలు కూర్చునేవారు. కూర్చునేముందు చెప్పులు పసుపు గీత బయట విప్పేవారు. సిమెంటు నేల మీద అదేం మర్యాదండీ అని అడిగితే, “ఇది నా ఇల్లే కదా. మేడ మీద సగం, కింద సగం” అనేవారు. కొత్తగా దిగినవాళ్ళ సామాను, పెళ్ళిళ్ళప్పుడు వంట గిన్నెలు, ఎవరింట్లోనో రంగులేస్తుంటే బయటపెట్టిన బీరువా, అన్నీ ఆ గీతల మధ్యే ఉండేవి.

మా ప్రెసిడెంటుగారికి ఇది నచ్చేది కాదు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, పద్ధతి అంటే ప్రాణం. పార్కింగులో వాహనాలు తప్ప ఇంకేమీ ఉంచకూడదని నోటీసు అంటించారు. మర్నాటి సాయంత్రం పిన్నిగారు కూరల మార్కెట్టుకి తీసుకెళ్ళే చక్రాల సంచీని తెచ్చి, సరిగ్గా గీతల మధ్య నిలబెట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ప్రెసిడెంటుగారు ఆగి, “ఏంటండీ ఇది?” అన్నారు. “వాహనమండీ. చక్రాలున్నాయి చూడండి. డ్రైవర్ని నేనే” అన్నారు. ఆయన లిఫ్టు ఎక్కారు. ఆ నోటీసు అలా వెలిసిపోయింది.

కానీ ఒక విషయంలో మాత్రం ఆవిడ నవ్వలేదు.

నాలుగో అంతస్తులో అద్దెకున్నవాళ్ళ పెద్దాయన పోయినప్పుడు సెల్లారులో ఒక పూట ఉంచారు. దాంతో కొందరు ఓనర్లకి కోపమొచ్చింది. ఆ ఏడాది జనరల్ బాడీ మీటింగులో, కొత్తగా వచ్చేవాళ్ళకి ఇచ్చే రూల్సు కాగితంలో ఒక వాక్యం చేర్చాలని ప్రెసిడెంటుగారు ప్రతిపాదించారు. అద్దెకున్నవారి కుటుంబంలో ఎవరైనా మరణిస్తే పార్థివదేహాన్ని ఆవరణలోకి తీసుకురాకూడదని ఆ వాక్యం. మీటింగుకి అద్దెవాళ్ళని పిలవరు. పిన్నిగారు పిలవకుండానే వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు.

“ఓనర్లు పోతే తేవచ్చాండీ?” అని అడిగారు.

“అది వాళ్ళ సొంతిల్లు కదమ్మా.”

“అంటే చావుకి కూడా రిజిస్ట్రేషను ఉండాలన్నమాట.”

ఎవరో నవ్వారు. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, “మీరు పర్సనల్‌గా తీసుకోకండి. అందరి అభిప్రాయమూ ఇదే” అన్నారు.

“అందరూ అంటే ఎవరెవరో పేర్లు చెప్పండి” అన్నారు పిన్నిగారు. ఆవిడ ఎప్పుడూ వాడే మాట అది. చుట్టాల్లో తగవులొచ్చినా, కూరగాయలవాడు అందరూ ఇదే రేటు ఇస్తున్నారన్నా అదే ప్రశ్న. ఆరోజు మాత్రం పేర్లు చెప్పకుండానే చేతులెత్తించారు. వద్దని ఎత్తిన కొద్ది చేతుల్లో నాదొకటి. ఆవిడకి ఓటు లేదు. రూలు పాసైంది.

ఆ సాయంత్రం మా ఇంటి సోఫాలో కూర్చుని, వాళ్ళాయన పోయిన రోజు గురించి ఒకే ఒక్కసారి చెప్పారు. అప్పుడు వేరే పేటలో అద్దెకుండేవారట. ఆసుపత్రి నుంచి తీసుకొస్తే ఇంటాయన గేటుకి తాళం వేసేశాడు. చేసేదిలేక రోడ్డు పక్కన అరుగు దిగువన షామియానా వేసి పడుకోబెట్టారు. ఇరుకు రోడ్డు. స్కూలు బస్సు వచ్చింది. డ్రైవరు మంచివాడే, హారన్ కొట్టలేదు, దిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం చేస్తారు, బస్సు నిండా పిల్లలు. మంచం ఎత్తి పక్కకి జరిపి, బస్సు పోయాక మళ్ళీ తెచ్చి పెట్టారు. కాసేపటికి ఇంకో బస్సు వచ్చింది.

“ఆయన బతికున్నన్నాళ్ళూ ఒకరి దారికి అడ్డం నిలబడిన మనిషి కాదమ్మాయ్. ఆరోజు రోడ్డుకి అడ్డమైపోయాడు” అన్నారు. కళ్ళు తుడుచుకోలేదు. కాఫీ చల్లారిపోయిందని మళ్ళీ వేడిచేసి ఇమ్మన్నారు.

అప్పటినుంచి ఆవిడ ఒక పని మొదలుపెట్టారు. కొత్తవాళ్ళకి రూల్సు కాగితం ఇచ్చే పని ఎటూ ఆవిడే చేసేవారు, ఇంకెవరికీ తీరిక ఉండేది కాదు. కుర్చీలో కూర్చుని, వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఆ వాక్యాన్ని బాల్‌పెన్నుతో ఈ చివర్నుంచి ఆ చివరికి కొట్టేసి ఇచ్చేవారు. ఇదేంటండీ అని అడిగితే, “అది ప్రింటింగులో తప్పు పడిందమ్మా, చదవక్కర్లేదు” అనేవారు. చాటుగా చేసింది కాదు. ప్రెసిడెంటుగారు పక్కనుంచి వెళుతున్నా పెన్ను ఆగేది కాదు. కాగితం పాడుచేస్తున్నారని ఆయన ఒకసారి అంటే, “బాగుచేస్తున్నానండీ” అన్నారు.

నేను అసోసియేషన్ లెక్కలు రాస్తాను. ఏ అంకె దిద్దినా పక్కన సంతకం పెట్టే అలవాటు నాకు. నవ్వుతూ, “కొట్టేసిన చోట సంతకం పెట్టాలండీ పిన్నిగారూ” అన్నాను. మర్నాటినుంచి పెట్టడం మొదలుపెట్టారు. మొదటి సంతకం నా ప్రతి మీదే.

నేను పోతే నన్నెలాగైనా ఇంటికి తీసుకురా అని ఆవిడ నాతో ఎన్నడూ అనలేదు. అని ఉంటే మాట తీసుకున్నట్టుండేది. అనకపోవడంవల్ల, చేయడమో మానడమో పూర్తిగా నా మీదే పడింది.

అందుకని ఫోనులో ఆ అమ్మాయితో, “ఎక్కడికీ వెళ్ళొద్దు. అమ్మని ఇంటికే తీసుకురా” అన్నాను.

“గొడవలొద్దక్కా. ప్రెసిడెంటుగారు స్వయంగా ఫోన్ చేశారు. ఫ్లాటు ఓనరు కూడా గుడివాడ నుంచి చేశాడు. అమ్మ పేరు మీద అల్లరి ఎందుకు?”

“మీ అమ్మ అల్లరికి ఎప్పుడు భయపడింది? మీరు బయల్దేరండి. ఇక్కడ నేను చూసుకుంటాను.”

చూసుకుంటానన్నానే గానీ ఎలా చూసుకోవాలో నాకు తెలియదు. ప్రెసిడెంటుగారి ఇంటికి వెళ్ళాను.

“బాడీని తీసుకురావద్దని చెప్పేశాం కదమ్మా” అన్నారు.

“బాడీ కాదండీ, పిన్నిగారు.”

“నాకూ బాధే. కానీ రూలు ఉంది. కాగితంలో ఉంది.”

“నా కాగితంలో కొట్టేసి ఉందండీ. సంతకం కూడా ఉంది.”

ఆయన విసుక్కున్నారు. “ఐదో అంతస్తులో ఎల్లుండి నిశ్చితార్థం. చిన్నపిల్లలున్న ఇళ్ళున్నాయి. అందరికీ అభ్యంతరమే. నా ఒక్కడి మాట కాదిది.”

అందరూ అంటే ఎవరెవరో పేర్లు చెప్పమని అడగలేదు. అడిగితే వాదన అవుతుంది. ఆసుపత్రి నుంచి వ్యాను బయల్దేరిపోయింది, వాదనకి టైము లేదు. లిఫ్టులో ఐదో అంతస్తుకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఒక్కో తలుపూ తట్టుకుంటూ కిందికి దిగాను. ఇంటిపని ఎప్పుడూ పైనుంచి కిందికే చేసుకొస్తాను, బూజు దులపడమైనా, ఇల్లు తుడవడమైనా. ఇదీ అలాగే చేశాను. ప్రతి గడప దగ్గరా ఒకటే మాట అడిగాను: “పిన్నిగారిని ఆవిడ పార్కింగులో కాసేపు ఉంచుతాం. మీకు అభ్యంతరమా?”

నిశ్చితార్థం పిల్ల తల్లి పూలబుట్ట చేత్తో పట్టుకునే తలుపు తీసింది. నా మాట వినగానే గడపలోనే కూలబడింది. “పిల్లకి పూలజడ నేనే దగ్గరుండి కుట్టిస్తానందక్కా మొన్న. మాకు అభ్యంతరమని ఎవరన్నారు?” అంది. నిశ్చితార్థం ఎల్లుండి కాదు, ఇవాళైనా సరేనంది. మిగతావాళ్ళందరూ అలా అన్నారని రాస్తే అబద్ధమవుతుంది. ఒకాయన వినీ విననట్టు తలుపేసుకున్నారు. ఒకావిడ తనకి ఫరవాలేదు గానీ వాళ్ళత్తగారు ఒప్పుకోరంది. లోపలినుంచి ఆ అత్తగారే, “నేనెప్పుడన్నానే ఆ మాట?” అని అరిచారు. ఇంకొకరు ఆవిణ్ణి తెచ్చినట్టు తమకి తెలియనట్టే ఉంటామన్నారు. అదీ చాలనుకున్నాను.

కిందికి వచ్చేసరికి మావారు అప్పటికే మా కారు తీసి రోడ్డు మీద పెట్టారు. మూడు వందల రెండుకి రెండు వైపులా ఉన్న కార్లు కూడా తీస్తే గానీ మనుషులు నిలబడే చోటు రాదు. ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ఒకరి తర్వాత ఒకరు తాళాలు పట్టుకుని దిగారు. తలుపేసుకున్నాయన కూడా దిగి, నావైపు చూడకుండా, కారు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. కోపంతో వెళ్ళారో, చోటివ్వడానికి వెళ్ళారో నాకు ఇప్పటికీ తెలియదు. చోటు మాత్రం వచ్చింది.

ఇక గేటు. వాచ్‌మన్ తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“తియ్యొద్దన్నారమ్మా. తీస్తే నా ఉద్యోగం పోద్ది.”

“నువ్వు తియ్యొద్దు. ఇక్కడ పెట్టి, వెళ్ళి టీ తాగిరా.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. మెల్లగా తాగు.”

తాళంచెవి పిన్నిగారి కుర్చీలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను గేటు తీసి, రెండు రెక్కలూ గోడకి ఆనేదాకా తోసి, మధ్యలో నిలబడ్డాను. ప్రెసిడెంటుగారు మేడ మీదినుంచి, “ఏంటమ్మా మీరు చేస్తున్నది!” అని కేకేశారు. “గేటు తీస్తున్నానండీ” అని నేనూ అంతే గట్టిగా చెప్పాను. జీవితంలో నేను అలా రోడ్డుకి వినపడేలా మాట్లాడింది అదే మొదటిసారి. బాగుంది కూడా.

వ్యాను వచ్చింది. ఏ స్కూలు బస్సుకీ దారివ్వక్కర్లేకుండా, ఏ రోడ్డుకీ అడ్డం కాకుండా, పిన్నిగారు తిన్నగా తన పసుపు గీతల మధ్యకి వచ్చారు. తల దగ్గర దీపం పెట్టాం. వాళ్ళమ్మాయి ఆ కుర్చీ చెయ్యి పట్టుకుని అప్పుడు ఏడ్చింది, అప్పటిదాకా ఏడవలేదట.

బిల్డింగులోవాళ్ళే కాదు, ఖాళీ చేసి వేరే పేటలకి వెళ్ళిపోయిన పాత అద్దెవాళ్ళు కూడా ఎలా తెలిసిందో వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు చెప్పులు గీత బయటే విప్పారు. ఎవరూ చెప్పలేదు. ప్రెసిడెంటుగారి భార్య చామంతిపూలు తెచ్చి, పాదాల దగ్గర చాలాసేపు కూర్చున్నారు. ప్రెసిడెంటుగారు గీత దాకా వచ్చారు. చెప్పులు విప్పలేదు. లోపలికి రాలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఆయన మనసులో ఏముందో నేను ఊహించి రాయను. సాయంత్రం ఆవిణ్ణి కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళేటప్పుడు వాచ్‌మన్ టీ తాగి వచ్చేశాడు. ఈసారి గేటు అతనే తీశాడు.

ఆ తర్వాత నాకు నోటీసు ఇచ్చారు. నియమాలు ఉల్లంఘించినందుకు లెక్కల బాధ్యత నుంచి తొలగిస్తామన్నారు. పుస్తకాలన్నీ ఒక సంచీలో సర్ది, ఎవరికివ్వాలో చెప్పండి అని అడిగాను. తీసుకోవడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు. సంచీ మా గుమ్మం పక్కనే ఉంది. రూలు కూడా కాగితంలో అలాగే ఉంది. కొత్త ప్రతులు తీయించినా ఆ వాక్యం తియ్యలేదు. సరే, నా దగ్గర బాల్‌పెన్ను ఉంది.

ఎవరూ అద్దెకు రారన్న ఆ ఫ్లాటులోకి నెల తిరక్కుండానే మనుషులు వచ్చారు. మొన్న సాయంత్రం వ్యాను ఆగేసరికి నాలుగు దాటింది. సామాను మూడు వందల రెండు పార్కింగులో దింపించాను. మంచినీళ్ళిచ్చాను. దిగినవాళ్ళలో ఒక అమ్మాయి, మొగుడు, ఆ అమ్మాయి అత్తగారు ఉన్నారు. ఆ పెద్దావిడ ప్రయాణంలో అలిసిపోయి, గీత అవతల గోడకి చెయ్యానించి నిలబడింది. కుర్చీలో కూర్చోమంటే, “ఎవరిదో ఏమో, వద్దులేమ్మా” అంది.

రూల్సు కాగితం తీసి, ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టి కోడలి చేతికిచ్చాను. “ఏం కొట్టేశారండీ?” అందా అమ్మాయి. ప్రింటింగులో తప్పని చెప్పడం పిన్నిగారికే చెల్లింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీకు ముందు ఈ ఇంట్లో ఉన్నావిడ పోయారని, తీసుకురావద్దన్నారని, తీసుకొచ్చామని చెప్పాను. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, సామాను ఇంకా కిందే ఉంది అన్నాను.

ఆ అమ్మాయి అత్తగారి వైపు చూసింది.

పెద్దావిడ నన్ను అడిగింది. “అద్దెకున్నావిడనా?”

“అవునండీ.”

“ఇక్కడికేనా తీసుకొచ్చింది?”

“ఇక్కడికేనండీ. ఈ గీతల మధ్యకే.”

ఆవిడ గోడ మీదినుంచి చెయ్యి తీసి, చెప్పులు పసుపు గీత బయట విప్పి, లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది.